నాలుగు దస్తావేజులు, ఒకటే వేలిముద్ర

పోయిన నెల మా ఇల్లు అమ్మేశాం. అమ్మకం కుదిర్చిన ఏజెంటు ఫోన్లో పెట్టిన ప్రకటన నాకు చదివి వినిపించాడు. బస్టాపుకి ఐదు నిమిషాల నడక, పక్కనే స్కూలు, దగ్గర్లో ఆస్పత్రి, ఇరవై నాలుగు గంటలూ నీళ్లు. లోపాలేమీ రాయలేదేం అని అడిగితే, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వాడు.

కొన్నవాళ్ల తరఫు లాయరు అంత తేలిగ్గా నవ్వే మనిషి కాదు. పాత దస్తావేజులు నాలుగూ బల్ల మీద పరిచి, ఒక్కో పేజీ వెలుతురుకి ఎత్తి చూశాడు. చివరికి కళ్లజోడు తీసి, "అమ్మా, వీటన్నిట్లోనూ ఒకే ఆవిడ వేలిముద్ర ఉంది. మొదటిదాంట్లో స్థలం అమ్మింది ఈవిడే, సరే. ఆ తర్వాత ఇల్లు ముగ్గురి చేతులు మారింది. ఆ మూడిట్లోనూ ఈవిడ వేలు ఎందుకుంది? ఈవిడకి ఈ ఇంటి మీద ఇంకా హక్కేమైనా మిగిలి ఉందా?" అన్నాడు.

జవాబు ఒక్క మాట. అది నోటికి రావడానికి మాత్రం కొంచెంసేపు పట్టింది. ఈలోగా ఆయన కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

ఆవిడ పేరు దస్తావేజుల్లో ఉంది. ఇక్కడ రాయను. దస్తావేజులు రాసే లేఖరి తప్ప ఆ పేరుతో ఆవిణ్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పెద్దమ్మే. పొద్దున్న నెత్తిమీద కుండతో పెరుగమ్మేది. పొద్దెక్కాక ఇళ్లు బేరం కుదిర్చేది. నిజానికి రెండూ ఒకటే పని. పెరుగు పొయ్యడానికి ప్రతి ఇంటి వంటగది దాకా వెళ్లే మనిషికి, ఏ ఇల్లు అమ్మకానికి రాబోతోందో ఆ ఇంటి యజమాని కన్నా ముందే తెలిసిపోయేది.

అరవైల చివర సంగతి. నేను శ్రీకాకుళంలో ఆడపిల్లల బడిలో టీచర్ని. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమస్తా. బజారు దగ్గర రెండు గదుల వాటాలో అద్దెకి ఉండేవాళ్లం. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టే ధైర్యం లేనివాళ్లం కాబట్టి, ఎవరో కట్టినదాన్నే చూద్దామనుకున్నాం. ఆ మాట మేమిద్దరం గుమ్మంలో అనుకుంటూ ఉండగా పెరుగు కొలుస్తున్న పెద్దమ్మ తలెత్తకుండానే, "ఇల్లు గావాలేటి పంతులమ్మా?" అంది.

ఆ ఆదివారమే తీసుకెళ్లింది. ఆమదాలవలస రోడ్డు వైపు ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్నాయి. ఎంత దూరమని మా ఆయన అడిగితే "రెండు సుట్టలు" అంది. ఆవిడ దూరాలన్నీ చుట్టల్లోనే ఉండేవి. మా వైపు ఆడవాళ్లలాగే కాలే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. అలా పెట్టుకున్నంతసేపూ మాట్లాడ్డం కుదరదు. అందుకని దారిలో మీరెన్ని అడిగినా పలికేది కాదు. చుట్ట అయిపోయి పీక పారేశాక, అడిగినవాటికీ అడగనివాటికీ వరసగా జవాబులు చెప్పేది.

ఇల్లు చూపించే పద్ధతి ఆవిడది ఆవిడదే. ముందు వసారాలో కూర్చోబెట్టి చెడ్డంతా చెప్పేది. "సెడ్డ ముందు ఇనుకో. మంచి ఎవులూ దాసలేరు, అదే కనిపిస్తాది" అనేది. బియ్యం మిల్లు కూత పొద్దున్నే చెవులు గిల్లేస్తుంది. వానాకాలం బండిబాట మోకాలిలోతు బురద. పడమటి గాలి తిరిగితే శ్మశానం పొగ వంటింట్లోకి వస్తుంది. పక్కింటాయన మంచివాడే గానీ ఆయన కుక్క కాదు. ఇవన్నీ విని లేచి వెళ్లిపోయేవాళ్లని వెళ్లిపోనిచ్చేది. కూర్చుని ఉన్నవాళ్లకి మాత్రం మంచి మొదలుపెట్టేది. చెయ్యెత్తితే ఆగే బస్సు, అర చుట్ట దూరంలో మంత్రసాని, ఒక చుట్ట దూరంలో బడి. తేలు మంత్రం వేసే తాత ఇల్లు రెండు చుట్టలు, అయితే తేలు కుట్టినవాడికి నింపాదిగా చుట్ట కాల్చే తీరిక ఉండదు కాబట్టి ఒకటిన్నర.

అన్నిటికన్నా పెద్ద మంచి పెరట్లో ఉంది. నుయ్యి. దాని గురించి నోటితో చెప్పేది కాదు. చీర కొంగున మూటగట్టి తెచ్చుకున్న కందిపప్పు విప్పి, మూడేసి ఇటుకలతో రెండు పొయ్యిలు పెట్టేది. ఒక గిన్నెలో పక్కింటి నూతి నీళ్లు, రెండోదాంట్లో ఈ నూతి నీళ్లు, రెండిట్లోనూ చెరో గుప్పెడు పప్పు. ఆ చుట్టుపక్కల ఏ నూతిలో చూసినా ఉప్పు నీళ్లే. పక్కింటి గిన్నెలో పప్పు గులకరాళ్లలా దొర్లుతూ ఉండగానే ఇటువైపు గిన్నెలో మెత్తగా చిదిగిపోయింది. మా ఆయన వేలితో నొక్కి చూసి, ఇంక ఇల్లు లోపల ఎలా ఉందో కూడా సరిగ్గా చూడలేదు. నేనే చూశాను. పెంకుటిల్లు, రెండు గదులు, వంటిల్లు, వసారా. వంటింటి గోడకి చెమ్మ ఉంది. చెడ్డ జాబితాలో పెద్దమ్మ అది కూడా చెప్పే ఉంది.

ఇల్లు ఎన్ని చేతులు మారిందో కూడా ఆవిడే చెప్పింది. మొదట ఆ నేల పెద్దమ్మవాళ్లదేనట. కొద్ది సెంట్ల మెట్ట. వాళ్లాయన నూతులు తవ్వే మనిషి. ఊరందరికీ తవ్విపెట్టినా ఎక్కడా తీపి నీళ్లు పడలేదు, తన నేలలో తవ్వుకుంటే పడ్డాయి. ఆ నీళ్లు ఆయన తాగింది ఒక్క వేసవే. జ్వరంతో పోయాక ఆవిడ నేల అమ్మేసింది. పోస్టాఫీసులో పనిచేసే ఆయన కొని ఇల్లు కట్టాడు, బదిలీ అయితే అమ్మాడు. తర్వాత పొందూరు బట్టల షావుకారు కొన్నాడు. ముందుగదిలో ఖద్దరు తానులు వేసి అమ్ముదామనుకుంటే బజారు దూరమై ఎవరూ రాలేదు, ఆయనా అమ్మేశాడు. ఆ తర్వాత రిటైరైన రైల్వే ఆయన. జీవితమంతా రైళ్ల చప్పుడులో పడుకున్న మనిషికి అక్కడి నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదట. అన్ని బేరాలూ కుదిర్చింది తనే.

"ఇంకో మాట. నూతిలోది రోజుకో కుండ నాది. కాయితంలో ఉన్నాది. ఇల్లు ఎంతమంది సేతులు మారినా, నాను ఏలు పెడితేనే మారతాది" అంది.

కుండేమిటి, కావిడి తీసుకెళ్లమన్నారు మా ఆయన. పప్పు ఉడికిన ఉత్సాహంలో ఉన్నారాయన.

రిజిస్ట్రేషను రోజు లేఖరి దస్తావేజుని ఊపిరి తిప్పుకోకుండా చదివేశాడు. మేం సంతకాలు పెట్టాం. పెద్దమ్మ రెండో సాక్షిగా వేలు వేసింది. వేలిముద్ర వేసిన వాళ్లెవరైనా చటుక్కున సిరాని తలకి రాసుకుని తుడుచుకుంటారు. ఆవిడ తుడుచుకోలేదు. ఆ బొటనవేలిని మిగతా వేళ్లకి తగలకుండా దూరంగా పట్టుకుని ఇంటికి నడిచింది. రెండు రోజుల తర్వాత పెరుగు కొలుస్తున్నప్పుడు కూడా ఆ వేలు నల్లగా కనిపించింది.

అలా రోజూ వచ్చేది. పెరుగమ్మకం అయ్యాక ఆ కుండే తోముకుని చంకన పెట్టుకుని, మా పెరటి తలుపు తోసుకుని, మమ్మల్ని పలకరించకుండా నూతి దగ్గరికి వెళ్లిపోయేది. తన ఇంట్లోకి వెళ్లే మనిషి ఎవర్నీ అడగదు కదా. మొదటి చేద పైకి తీశాక కొంచెం నేలమీద పోసి, తర్వాత దోసెడు తాగి, అప్పుడు కుండ నింపేది. షావుకారు ఉన్న రోజుల్లో వాళ్లమ్మ మడి అనీ, నూతిలో వీళ్ల చేద పడ్డానికి వీల్లేదనీ అభ్యంతరం పెట్టిందట. పెద్దమ్మ వసారా మెట్టు మీద కూర్చుని కాయితం తియ్యమంది. షావుకారు తియ్యలేదు. ఆయనే కాదు, ఎవరూ ఎప్పుడూ తియ్యలేదు. కాయితంలో ఉందని ఆవిడ అన్న తీరుకి, లేదేమో అన్న అనుమానం ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

మూడో ఏటికి మా వీధికి మునిసిపాలిటీ కుళాయి వచ్చింది. మా పాప అప్పుడే పాకడం మొదలుపెట్టింది. నూతికి గట్టు మోకాలెత్తు కూడా లేదు. ఒకరోజు పాప ఆ గట్టు పట్టుకుని నిలబడింది. నేను పరిగెత్తుకెళ్లి ఎత్తుకున్నాను. ఇంక నుయ్యి పూడ్చేద్దాం, కుళాయి ఉంది కదా అన్నారు మా ఆయన. సరేనన్నాను. రెండు బళ్ల మట్టి తోలించారు.

మర్నాడు ఆదివారం. పెద్దమ్మ కుండతో వచ్చి, మట్టి కుప్ప చూసి ఆగిపోయింది. నోట్లో చుట్ట తీసి పారేసింది. అది ఇంకా సగం కూడా కాలలేదు.

"ఎవుల నుయ్యి పూడ్సడానికి బాబూ ఇది?"

మాదే పెద్దమ్మా, పాప తిరుగుతోంది అన్నారు మా ఆయన.

"నీదే. నానేటి కాదన్నానా. కుండ మట్టుకు నాది. కాయితంలో ఉన్నాది" అంది.

ఆయన నావైపు తిరిగి ఉందా అని అడిగారు. ఆయన దురుద్దేశంతో అడగలేదు. ఉంటే ఆ మట్టి వెనక్కి తోలించేసేవారే. ఆఫీసులో కాయితానికి కట్టుబడి బతికిన మనిషి. తెలీదు, చూస్తానన్నాను. చదవమంటే చాలు, నాకు ముందూ వెనకా కనపడవు. ట్రంకు పెట్టెలోంచి నాలుగు దస్తావేజులూ తెచ్చి వసారాలో చాప వేసుకుని కూర్చున్నాను. పెద్దమ్మ మెట్టు మీద కూర్చుంది, ఖాళీ కుండ ఒళ్లో పెట్టుకుని.

బడిలో పాఠం చదివినట్టు గట్టిగా, స్పష్టంగా చదివాను. హద్దులు చదువుతుంటే తల ఊపింది. తూర్పున ఫలానా వారి దొడ్డి, దక్షిణాన బండిబాట అంటూ ఉంటే, ఎరిగున్న మనుషుల క్షేమం వింటున్నట్టు వింది. ఆ తర్వాత పాత దస్తావేజులన్నిట్లో ఉండే మంత్రం లాంటి వాక్యం వచ్చింది. నిధి నిక్షేప జల తరు పాషాణములతో సహా సర్వహక్కులూ మీకు విక్రయించినాను.

"అదిగో, జలం అన్నాదా? అదే" అంది.

కాదు పెద్దమ్మా, జలం కూడా అమ్మేశానని దానర్థం అన్నాను. మొదటిది అయిపోయింది. రెండోది చదివాను, మూడోది చదివాను, మాది చదివాను. కుండ మాట ఎక్కడా లేదు. ఒక్కసారి చదివి ఊరుకోలేదు నేను. అనుమానం లేకుండా ఉండాలని మొదటిదాన్ని మళ్లీ ఆసాంతం చదివాను. ఆ రెండోసారి చదవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"లేఖరి బాబు రాసేనన్నాడు. నాను సెప్తంటే తల ఊపి రాసినాడు" అంది.

మొదటి దస్తావేజు రాసిన ఆ లేఖరి అప్పటికే పోయి చాలాకాలమైంది. విన్నాడో లేదో, విన్నా ఇలాంటివి రాసేవి కావులే అనుకున్నాడో. 

"మరి నా ఏలు? పెతీసారీ నా ఏలు ఏల పెట్టించినారు?"

"అది సాక్షి ముద్ర పెద్దమ్మా" అన్నాను. "ఇల్లు అమ్మడం నువ్వు చూశావని. అంతే. దానికీ నీళ్లకీ సంబంధం లేదు."

"సూసేనని."

"అవును."

ఆవిడ తన బొటనవేలు ఒకసారి చూసుకుంది. "సూసేను" అంది. లేచి, ఖాళీ కుండ చంకన పెట్టుకుని, ఎప్పుడూ వెళ్లే పెరటి తలుపు వైపు కాకుండా వీధి గుమ్మం వైపు నుంచి వెళ్లిపోయింది. నీళ్లు తోడుకుని వెళ్లమని మా ఆయన వెనకనుంచి పిలిచారు. ఆగలేదు.

మా ఆయన నుయ్యి పూడ్చలేదు. ఆ మట్టి వీధి బాటలో పోయించి, నూతికి గట్టు ఎత్తు చేయించి, చెక్క మూత పెట్టించారు. కాయితంలో లేకపోయినా మనకు తెలుసు కదా అన్నారు. ఆ మాట నాకు ఎందుకు తోచలేదో అని ఇప్పటికీ అనుకుంటాను. పెద్దమ్మ మాత్రం నీళ్లకి రాలేదు. పెరుగుకి మామూలుగానే వచ్చింది. మొహం ముడుచుకోలేదు, కొసరు తగ్గించలేదు. ఒక మాట అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నాలుగో రోజున నేనే కుండ నింపి పొలం అవతల వాళ్ల పాకకి మోసుకెళ్లాను. గేదెకి కుడితి పెడుతోంది. కుండ చూసి, "ఎవులిచ్చేరు?" అంది.

మేమే అన్నాను.

"ఇస్తే తాగనానికి నాను మీ సుట్టాన్నేటి? అడిగితే ఎవులైనా ఇస్తారు పంతులమ్మా. ఇన్నాళ్లూ నాను అడగనేదు."

ఆ నీళ్లు గేదె తొట్టిలో పోసి, కుండ కడిగి నాకిచ్చేసింది.

అయినా నాకు బుద్ధి రాలేదు. కాయితంలో లేకపోవడమే కదా లోపం, రాస్తే సరిపోతుంది అనుకున్నాను. స్టాంపు కాయితం తెప్పించి నా చేత్తోనే రాశాను. రోజుకొక కుండ నూతి నీళ్లు ఫలానావిడ హక్కు, ఇల్లు ఎవరి చేతులు మారినా ఈ హక్కు మారదు అని. మా ఆయన సంతకం పెట్టారు. వేలిముద్ర కోసం బడి నుంచి సిరా ప్యాడు అడిగి తెచ్చుకుని మళ్లీ వెళ్లాను. చదవమంది. చదివాను. బాగా రాసేవంది. ఆ తర్వాత చేతులు రెండూ చీర కుచ్చెళ్లలోకి ముడుచుకుని కూర్చుంది.

"ఏలు మట్టుకు పెట్టను. రేపు ఇంకో పంతులమ్మ వస్తాది. ఇదేటో సూసేవే ముసలీ, అంతే అంటాది" అంది.

ఆ కాయితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఒక సంతకంతో.

ఇళ్లు కుదర్చడం ఆవిడ మానలేదు. సాక్షి వేలు వెయ్యడం మాత్రం మానేసింది. ఏడాది తిరిగాక మా పక్కిల్లు అమ్మకానికి వచ్చింది. నరసన్నపేట నుంచి వచ్చిన దంపతుల్ని పెద్దమ్మ తీసుకొచ్చి వసారాలో కూర్చోబెట్టింది. మా వసారాకీ దానికీ మధ్య అడ్డం దడి ఒక్కటే. నేను బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ వింటున్నాను. మిల్లు కూత చెప్పింది, బురద చెప్పింది, పొగ చెప్పింది. అప్పటికి కుక్క చచ్చిపోయింది కాబట్టి కుక్కని వదిలేసింది.

ఆ తర్వాత గొంతు తగ్గించకుండానే, "ఇటుపక్కింట్లో పంతులమ్మ ఉన్నాది. కాయితం ఇస్తే ఉన్నదున్నట్టు సదువుతాది. అందులో నేని మాట సదవదు" అంది.

అని బస్సు సంగతీ మంత్రసాని సంగతీ ఎత్తుకుంది. నన్ను చెడ్డ కింద వేసిందో మంచి కింద వేసిందో చాలాసేపు ఆలోచించాను. సరిగ్గా రెండిటికీ మధ్య చెప్పింది. ఆ రోజు పప్పు మూట తెచ్చుకోలేదు. వీధి కుళాయి చూపించి ఊరుకుంది.

మరో రెండు మూడేళ్లకి కాబోలు, పెరుగు కుండ ఎత్తుకుని ఆవిడ కోడలు వచ్చింది. ముసల్ది పోయి పది రోజులైందంది. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వెళ్లేదాన్నో లేదో. చివర్లో ఏమైనా అడిగిందా అన్నాను. ఎందుకడిగానో నాకే తెలుసు.

"ఏటీ అడగనేదు" అంది కోడలు, పెరుగు కొలుస్తూ.

మా నుయ్యి మేం అమ్మేదాకా అలాగే ఉంది. నీళ్లు కిందికి దిగిపోయి ఇరవై ఏళ్లయింది. కొన్నవాళ్లు దాన్ని పూడ్చి అక్కడ కారు పెట్టుకుంటారట. ఏజెంటు ప్రకటనలో ఆ చోటు ముందే ఉంది, పార్కింగు అని.

లాయరు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆ వేలిముద్రల మీద పెన్సిలు ఆనించి, ఈవిడకి హక్కేమీ లేదు కదా అని మళ్లీ అడిగాడు.

"లేదండీ. సాక్షి, అంతే" అన్నాను.

ఆయన అలాగే రాసుకున్నాడు. ఆ మాట చెప్పడం నాకది రెండోసారి. మొదటిసారి కూడా తప్పు చెప్పలేదు.